రేకుల బడిలో పదిహేడో పేరు

పోయిన వారం సుచిత్రను బందరులో, ప్రెస్సు గుమ్మం దగ్గర వదిలిపెట్టాం. ఆమె చేతిలో బడి స్వర్ణోత్సవ సంచిక ప్రూఫులు. మొదటి నాలుగు పేజీలూ బడి చరిత్ర. నాలుగు పేజీల్లోనూ ఆ బడి పెట్టిన ఎలీసబెతు టీచరు పేరు ఒక్కచోట కూడా లేదు. ఎలీసబెతు సుచిత్రకి కన్నతల్లి. సుచిత్ర ఇప్పుడు అదే బడికి హెడ్‌మిస్ట్రెస్.

అవనిగడ్డ బస్సు చల్లపల్లి దాటేలోపు ఆ పేజీలు మూడుసార్లు చదివింది సుచిత్ర. ఉప్పెన తర్వాత దిక్కులేని పిల్లల కోసం కీర్తిశేషులు రామకోటయ్య గారు 1978 జూన్ 19న అర ఎకరం రిజిస్టరు చేసి ఇచ్చి ఈ విద్యాలయాన్ని స్థాపించారట. పక్కనే ఆయన కుమారుడు, ఇప్పటి కరస్పాండెంటు గోవర్ధనరావు ఫొటో. దాని కింద, 'పాఠశాల మొదలైన ఫిబ్రవరి ఆరో తేదీయే వారి పుట్టినరోజు కూడా కావడం దైవసంకల్పం' అని ఒక వాక్యం. ఫిబ్రవరిలో మొదలైన బడికి జూన్‌లో స్థలం వస్తే ఆ నాలుగు నెలలూ పిల్లలు గాల్లో కూర్చున్నారా అని రాసినవాళ్లకీ తోచలేదు, దిద్దినవాళ్లకీ తోచలేదు.

పిల్లలు ఎక్కడ కూర్చున్నారో అవనిగడ్డలో ఆటోవాళ్లనడిగినా చెబుతారు. బడికి ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉంది. పదకొండు పసుపు బస్సులున్నాయి. గేటు మీద ఐఐటీ ఫౌండేషన్ అని ఆ చివరినుంచి ఈ చివరికి ఫ్లెక్సీ ఉంది. అయినా నాగాయలంక నుంచి పిల్లను చేర్పించడానికి వచ్చిన తల్లి ఆటో ఎక్కి 'రేకుల బడి' అంటుంది తప్ప బోర్డు మీదున్న రామకోటయ్య గారి పేరు చెప్పదు. చెప్పినా ఆటోవాడు ఒకసారి బుర్ర గోక్కుని, ఓ, రేకుల బడా అంటాడు. ఆ మాట వినబడినప్పుడల్లా గోవర్ధనరావు భార్య సుభాషిణికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ రేకులు ఎనిమిది. ఉప్పెన సాయానికి బందరు నుంచి చర్చివాళ్లతో లారీలో వచ్చిన రోజుకి ఎలీసబెతుకి ఇరవై ఏడేళ్లు, ట్రైనింగు పూర్తయిన టీచరు. బియ్యం, దుప్పట్లు పంచి అందరూ తిరిగి లారీ ఎక్కారు. ఆమె ఎక్కలేదు. పంచగా మిగిలిన ఎనిమిది రేకులూ తాటిమొద్దుల మీద నిలబెట్టించి, ఉప్పు తేలిన చేలో ఇసక పోయించి, నలభై ఒక్క మంది పిల్లల్ని కూర్చోబెట్టింది. వాళ్లలో సగం మందికి పెద్దవాళ్లు లేరు. ఉన్న పెద్దవాళ్లకి పిల్లలు ఎప్పుడు పుట్టారో గుర్తు లేదు.

రిజిస్టరులో పుట్టిన తేదీ అనే గడి దగ్గర చిక్కొచ్చింది. తేదీ తెలియని పిల్లలకి ఏ బళ్లో అయినా జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేస్తారు. ఎలీసబెతుకి అది నచ్చలేదు. పోయినవాళ్లు పోగా మిగిలిన పిల్లలు వీళ్లు, బడికొచ్చిన రోజే వీళ్లకి పుట్టినరోజు అనుకుంది. పెద్దా చిన్నా చూడకుండా నలభై ఒక్కరికీ ఆరేళ్లు నిండాయని 6-2-1972 వేసేసింది. అదెంత పొరపాటో తర్వాత్తర్వాత తెలిసింది. ఉద్యోగాల దగ్గర, పింఛన్ల దగ్గర ఇప్పటికీ వాళ్లు ఆ తేదీతో తిప్పలు పడుతూనే ఉన్నారు.

బళ్లో ఆయాగా పనిచేస్తున్న కొండమ్మ ఆ నలభై ఒక్కరిలో ఒకతె. పాలకాయతిప్ప పిల్ల. ఉప్పెన తల్లినీ తండ్రినీ తీసుకుపోయి ఆమెనూ తమ్ముణ్ణీ మిగిల్చింది. ఆ తమ్ముణ్ణి కూడా బడి పెట్టిన ఏడే ఎవరో కలిగినవాళ్లు పెంచుకుంటామని తీసుకెళ్లారు. ఎవరో, ఏ ఊరో తొమ్మిదేళ్ల కొండమ్మకి ఎవరూ చెప్పలేదు. "నేను వాడికంటే మూడేళ్లు పెద్దదాన్నమ్మా. టీచరుగారి కలం పుణ్యమా అని ఇద్దరం ఒకే కాన్పయిపోయాం" అని నవ్వుతూ చెబుతుంది. అలా నవ్వి చెప్పడం యాభై ఏళ్ల నుంచీ అలవాటయింది గనక ఎవరూ ఆగి వినరు.

ఏటా ఫిబ్రవరి ఆరున గోవర్ధనరావు తన పుట్టినరోజని పిల్లలందరికీ చాక్లెట్లు పంచుతాడు. కొండమ్మకి మాత్రం రెండిస్తాడు.

*

బందరు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న ఎలీసబెతు వసారాలో చాపేసుకుని గోంగూర దూస్తోంది. డెబ్భై ఆరేళ్లొచ్చినా కళ్లు బాగానే ఉన్నాయి. కూతురు ప్రూఫులు ముందు పెడితే చదివి, మడిచి, పక్కన పెట్టి మళ్లీ ఆకు దూయడం మొదలుపెట్టింది.

తన పేరు లేకపోయినా బడి నడుస్తోందిగా, వదిలెయ్యమంది. సుచిత్రకి ఒళ్లు మండింది. తొంభై ఆరులో బోర్డు మీద పేరు మార్చిన రోజు కూడా ఇదే తల్లి మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. రిటైరయిన రోజు ఒక శాలువా, ఒక గోడ గడియారం పట్టుకుని ఆటోలో ఇంటికొచ్చేసింది. నోట్లో నాలుక లేని మనిషా అంటే కాదు. ఇన్‌స్పెక్టర్లని నిలబెట్టి కడిగేసిన మనిషి. ఒక్క రామకోటయ్య గారి ఇంటివాళ్ల దగ్గరే ఎందుకు మెడ వంచేస్తుందో సుచిత్రకి చిన్నప్పటి నుంచీ అంతుపట్టలేదు.

బడి మొదటి రిజిస్టరు ఇమ్మని తల్లినడిగింది. పెట్టెలో ఉందని ఆమెకి తెలుసు. ఎలీసబెతు చెయ్యి ఆకు మీద ఆగింది.

"దాని జోలికెళ్లకు సుచిత్రా. అది బడిది కాదు, పిల్లలది."

దూసిన ఆకు చేటలోకి ఎత్తింది. పది గంటలకి స్త్రీల సమాజం ప్రార్థనకని బైబిలు పట్టుకుని వెళ్లింది. ఆమె వీధి మలుపు తిరిగాక సుచిత్ర పెట్టె తెరిచింది. అడుగున, పాత నేత చీర ముక్కలో చుట్టి ఉంది రిజిస్టరు. నలభై ఏడేళ్ల వయసులో కన్నతల్లి పెట్టెలో దొంగతనం చేస్తున్నానని అనిపించింది. అయినా బ్యాగులో పెట్టుకుంది. తెరిచి చూడలేదు. మొదటి పేజీలో తల్లి సంతకం, తేదీ ఉంటే చాలు, అదే ఆమెకి కావలసింది.

*

మధ్యాహ్నం మూడో పీరియడు బెల్లు కొట్టాక కరస్పాండెంటు గదికి వెళ్లింది. ఏసీ హోరుమంటోంది. గోవర్ధనరావు ఫోను చూసుకుంటున్నాడు. పక్క కుర్చీలో సుభాషిణి. డైరెక్టరు హోదా వచ్చిన దగ్గరనుంచి ఆమె కూడా రోజూ బడికి వస్తోంది. చరిత్ర రాసింది ఆమే. కూర్చోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

సుచిత్ర ప్రూఫులు బల్ల మీద పెట్టి, అమ్మ పేరు మొదటి పేజీలో రావాలంది. సుభాషిణి తొమ్మిదో పేజీ తీసి చూపించింది. 'సేవలందించిన పూర్వ ఉపాధ్యాయులు' అని ముప్ఫై నాలుగు పేర్లు. డ్రాయింగు మాస్టారికీ డ్రిల్లు మాస్టారికీ మధ్య, ఇరవై రెండో పేరు ఎలీసబెతు.

"ఇంతకంటే ఏం కావాలి? అందరి పేర్లూ మొదటి పేజీలో వేసుకుంటూ పోతే దాన్ని సావనీరనరు సుచిత్ర గారూ, ఓటర్ల లిస్టంటారు."

"అందరివీ అడగలేదు మేడమ్. ఒక్క పేరే అడిగాను."

"మా మావయ్యగారు అర ఎకరం ఇవ్వకపోతే మీ అమ్మగారు పాఠాలు ఎక్కడ చెప్పేవారండీ? ఉప్పు చేలోనా?"

"అక్కడే చెప్పారండీ. నాలుగు నెలలు."

సుభాషిణి మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం తగ్గించింది. ఆమె గొంతు తగ్గించిందంటే టీచర్లందరికీ భయం. చర్చివాళ్లు రేకులిచ్చారు, బియ్యమిచ్చారు, దానికి దణ్ణం పెడతామంది. కానీ దాన్ని రిలీఫంటారు, బడనరు అంది. ఇసకలో అ ఆలు దిద్దించిన ప్రతి మనిషీ నేనే వ్యవస్థాపకురాలినంటే దివిసీమలో ఇంటికొకరు తేలతారంది. అవనిగడ్డ రిజిస్ట్రారాఫీసులో మావయ్యగారి దానపత్రం నకలు తెప్పించానని, సీలుతో సహా సంచికలో వేయిస్తున్నానని చెప్పింది.

గోవర్ధనరావు ఫోను మీదనుంచి తల ఎత్తకుండానే కలగజేసుకున్నాడు. సుచిత్ర గారి పదవీకాలం జూన్‌తో అయిపోతోందని, పొడిగించాలో వద్దో కమిటీ చూస్తుందని, ఇలాంటివి మనసులో పెట్టుకోవడం తనకిష్టం లేదని మెత్తగా అన్నాడు. బెదిరింపు ఇంత మెత్తగా ఉంటుందా అనుకుంది సుచిత్ర.

"మా దగ్గర కాగితముంది" అంది సుభాషిణి. "మీ దగ్గరేముంది? ఉత్త మాటలు. కాగితం లేనిదాన్ని చరిత్ర అనరు, పుక్కిటి పురాణమంటారు."

సుచిత్ర బ్యాగు తెరిచి చీర ముక్కలో చుట్టిన రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టింది. ముడి విప్పింది. అట్ట మీద నీలం సిరా వెలిసిపోయినా ఎలీసబెతు చేతిరాత స్పష్టంగా ఉంది. 'రేకుల బడి. 6-2-1978.'

"కాగితం" అంది.

సుభాషిణి ఏదో అనబోయింది. అంతలో గోవర్ధనరావు ఫోను బోర్లా పెట్టాడు.

"అది ఇంకా ఉందా?"

ఆ గొంతు కరస్పాండెంటుది కాదు. సుచిత్ర పదిహేడేళ్లుగా ఈ మనిషి దగ్గర పనిచేస్తోంది. సుద్దముక్కల పెట్టె అడిగినా రెండు రోజులు తిప్పించుకునే మనిషి. అలాంటిది కుర్చీలోంచి లేచి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. టీచరుగారి పేరు మొదటి పేజీలోనే వేయిస్తానన్నాడు. వ్యవస్థాపకురాలనే వేయిస్తానన్నాడు. నాన్నగారి ఫొటో పక్కనే ఆమె ఫొటో కూడా పెట్టిస్తానని, ఉత్సవం రోజు వేదిక మీద మొదటి కుర్చీ ఆమెదేనని, ఇప్పుడే ప్రెస్సుకి ఫోన్ చేస్తానని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"ఆ పుస్తకం మాత్రం ఇటివ్వండి. ఇక్కడ బీరువాలో భద్రంగా ఉంటుంది."

ఆడవాళ్లిద్దరిలో ఎవరు ఎక్కువ తెల్లబోయారో చెప్పడం కష్టం. సుభాషిణి మొగుడి మొహంలోకి ఎగాదిగా చూసింది.

"ఏవండీ, పొద్దున్న ఆ పేరెత్తితే ఒంటికాలి మీద లేచారు కదా. ఇప్పుడేమొచ్చింది?"

ఆయన పుస్తకం వైపే చూస్తూ చెయ్యి చాపి ఉంచాడు.

వచ్చిన పని అయిపోయింది. పుస్తకం ఇచ్చేసి, థాంక్సండీ అని బయటికి నడిస్తే చాలు. యాభై ఏళ్లు మూడో వరసలో కూర్చున్న తల్లి వేదిక మీద మొదటి కుర్చీలో కూర్చుంటుంది. సుచిత్ర పుస్తకాన్ని ముందుకు తొయ్యబోయింది కూడా. కానీ అడిగినదానికి పదింతలు ఇస్తానంటున్న మనిషి ఈ పాత పుస్తకం కోసం ఎందుకు చెయ్యి చాపి నిలబడ్డాడు? పొద్దున ఆకు మీద ఆగిపోయిన తల్లి చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యి ఆగిందీ, ఈ చెయ్యి చాచిందీ ఈ పుస్తకం మాటెత్తగానే.

పుస్తకం వెనక్కి లాక్కుంది. నడుమ ఒకచోట నల్లదారం పెట్టి ఉంది. అక్కడ తెరిచి, వరసల మీద వేలు పెట్టి లోపల చదువుకుంటూ పోయింది.

పదహారో వరస. కొండమ్మ, తండ్రి నాగన్న, పాలకాయతిప్ప, 6-2-1972.

పదిహేడో వరస. యలమంద, తండ్రి నాగన్న, పాలకాయతిప్ప, 6-2-1972. ఈ వరస మీద ఒక్క గీత అడ్డంగా కొట్టి ఉంది. కొట్టేసినా చదవడానికి వీలుగా, జాగ్రత్తగా కొట్టిన గీత.

ఎలీసబెతు చేతికి రాయకుండా ఉండటం రాదు. ఏ పిల్లకి చెవిలో చీము కారినా, ఏ పిల్లాడు పలక పారేసుకున్నా రిమార్కుల గడిలో రాసేది. పదిహేడో వరస పక్కన గడి చాలక కింద అంచు దాకా రాసింది. 'రామకోటయ్య గారి అబ్బాయి గోవర్ధనరావు ఉప్పెనలో పోయాడు. ఈ పిల్లవాణ్ణి ఆ పేరుతో పెంచుకుంటామని తీసుకువెళ్లారు. గుడివాడ బళ్లో చేర్చడానికి రికార్డు షీటు ఆ పేరునే రాసి ఇచ్చాను. పుట్టిన తేదీ అలవాటున ఇదే వేశాను. అక్క ఏడుస్తోంది. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. 19-6-1978.'

దైవసంకల్పమని అచ్చువేయించిన పుట్టినరోజు వెనక ఉన్నది అమ్మ కలం పొరపాటు. సుచిత్ర మళ్లీ తేదీ చూసింది. జూన్ 19. బల్ల మీద ప్రూఫుల్లో, సుభాషిణి సీలుతో సహా వేయిస్తానన్న దానపత్రంలో ఉన్న తేదీ కూడా అదే. పిల్లవాడు వెళ్లిన రోజే అర ఎకరం వచ్చింది.

అమ్మ ఎందుకు మెడ వంచిందో ఆమెకి అప్పుడు అర్థమైంది. మూడంతస్తుల మేడ, పదకొండు బస్సులు, తన కుర్చీ, తన జీతం, అన్నీ దేని మీద నిలబడ్డాయో అర్థమైంది. ఈ వరస చదివితే ఈయన ఒక్కడే కూలిపోడు. అమ్మ కూడా కూలిపోతుంది. చదవకపోతే అమ్మకి మొదటి పేజీ దక్కుతుంది.

"మూసెయ్యండి టీచర్" అన్నాడు గోవర్ధనరావు. ఆయన ఎప్పుడూ ఆమెని టీచర్ అని పిలవలేదు. ఒకటో తరగతి పిల్లలు పిలిచినట్టుగా ఉంది ఆ పిలుపు.

"మూయొద్దు" అంది సుభాషిణి. "పదిహేడో పేరు దగ్గర మీ వేలు ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను, ఈయన మొహం ఇలా పాలిపోగా నేను చూడలేదు. ఎవరా పదిహేడు? పైకి చదవండి."

"నీకెందుకు సుభా..."

"మీరు మాట్లాడకండి. కాగితం కాగితమని ఇందాకటి నుంచి నేనే అంటున్నాను. ఇప్పుడు చూపించమంటున్నాను. చదవండి సుచిత్ర గారూ. లేకపోతే నేనే లాక్కుని చదువుతాను."

ఆమె చెయ్యి అప్పటికే పుస్తకం అంచు మీదికి వచ్చేసింది. సుచిత్ర అరచేత్తో రిమార్కుల గడి కప్పేసింది. ఒక్క పేరు చెబితే ఆ చెయ్యి ఆగుతుందేమోననుకుంది. ఆ పేరు ఈ గదిలో ఎవరికీ ఏమీ కాదని చెప్పొచ్చనుకుంది.

"యలమంద" అంది.

అప్పుడే తలుపు తోసుకుని కొండమ్మ టీ ట్రేతో లోపలికొచ్చింది. పేరు ఆమె చెవిన పడింది. తొణక్కుండా మూడు కప్పులూ బల్ల మీద పెట్టింది. మొదటి కప్పు, ఎప్పటిలాగే రెండు చెంచాల పంచదార వేసినది, గోవర్ధనరావు ముందు పెట్టింది. ఆయన గోడవైపు తిరిగిపోయాడు. ఆమె పమిటతో చేతులు తుడుచుకుని పుస్తకం దగ్గరికొచ్చింది. పాత అట్ట అంచు గుర్తుపట్టి వేళ్లతో తడిమింది.

"టీచరుగారి పుస్తకమేనా ఇది?" అంది. "యలమంద మా తమ్ముడు మేడమ్‌గారూ."

సుభాషిణి చెయ్యి పుస్తకం అంచు మీదే ఆగిపోయింది. ఆమె కళ్లు కొండమ్మ మీదనుంచి, గోడవైపు తిరిగి ఉన్న మొగుడి వీపు మీదికి మెల్లగా కదిలాయి.

కొండమ్మ ఎవరినీ చూడటం లేదు. సుచిత్ర అరచెయ్యి కిందనుంచి బయటికి కనబడుతున్న నీలం అక్షరాల చివర్లనే చూస్తోంది.

"వాణ్ణి ఎవరింటికి పంపించారో రాసుంటారు కదమ్మా, ఆవిడ రాయకుండా ఉండరు" అంది. "కళ్లజోడు ఇంటి దగ్గర మర్చిపోయొచ్చాను. నువ్వే చదువు."